బౌలింగ్ బంతి చివర్లోనే ఎందుకు మలుపు తిరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

టీవీలో టెన్‌పిన్ బౌలింగ్ చూసినవారికి ఆ దృశ్యం తెలిసే ఉంటుంది. బంతి లేన్ (బంతి వెళ్లే దారి) పక్కనుండే గట్టర్ అనే గాడి అంచు వరకు వెళ్తుంది, ఇక పడిపోయినట్టే అనుకుంటాం. అంతలో లోపలికి తిరిగి పది పిన్లనూ చెల్లాచెదురు చేస్తుంది. మనం మాల్‌లో వేసే బంతి మాత్రం నేరుగా మధ్యకు వెళ్లి, రెండు మూలల్లో చెరో పిన్నునూ మిగిల్చి మాయమవుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో ఇంటర్ స్థాయి భౌతికశాస్త్రంతోనే చాలావరకు చెప్పవచ్చు. కింది వివరణలన్నీ కుడిచేతి ఆటగాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎడమచేతివారు కుడి ఎడమలను మార్చుకుని చదువుకోవాలి.

ముందుగా కొలతలు చెప్పండి.

ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు ఆటగాడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ వరకు 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు. లేన్ వెడల్పు సుమారు 41.5 అంగుళాలు. పాత కాలపు చెక్క లేన్ల లెక్క ప్రకారం దాన్ని 39 పలకలుగా విభజిస్తారు. ఇప్పుడు చాలాచోట్ల లేన్లు సింథటిక్‌వే అయినా పలకల గీతలు అలాగే ఉన్నాయి, ఆటగాళ్లు గురి లెక్కపెట్టుకునేది వాటితోనే. బంతి వ్యాసం సుమారు 8.5 అంగుళాలు, గరిష్ఠ బరువు 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు. పిన్ ఎత్తు 15 అంగుళాలు, బరువు ఒకటిన్నర కిలోకు కాస్త ఎక్కువ. పక్కపక్క పిన్ల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, 12 అంగుళాలు.

అన్నిటికంటే ముఖ్యమైన కొలత కంటికి సరిగా కనిపించదు. లేన్ మీద పలుచగా నూనె పూస్తారు. మామూలు సెంటర్లలో ఆ నూనె మొదటి 40 అడుగుల వరకు ఉంటుంది, చివరి 20 అడుగులు పొడిగా వదిలేస్తారు. మధ్యలో నూనె మందంగా, అంచుల దగ్గర పలుచగా ఉంటుంది.

బంతి దొర్లుతూ వెళ్తుందా, జారుతూ వెళ్తుందా?

మొదట జారుతుంది, ఆ తర్వాతే దొర్లుతుంది. ఒక మంచి ఆటగాడు బంతిని సెకనుకు 8 మీటర్ల వేగంతో వదిలాడనుకుందాం. ఆ వేగంతో జారకుండా దొర్లాలంటే బంతి నిమిషానికి సుమారు 700 చుట్లు తిరగాలి. చేతి నుంచి వచ్చే చుట్లు మాత్రం 300 దగ్గర ఉంటాయి. మిగతా లోటును నేలే పూడ్చాలి. నేలను తాకే బిందువు ముందుకు జారుతూ ఉంటుంది కాబట్టి ఘర్షణ దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు బంతి వేగాన్ని తగ్గిస్తూనే చుట్లను పెంచుతుంది. రెండూ సరిపోయిన క్షణాన జారుడు ఆగి దొర్లుడు మొదలవుతుంది.

ఆటగాళ్లు దీన్నే స్కిడ్, హుక్, రోల్ అని మూడు దశలుగా చెప్పుకుంటారు. భౌతికశాస్త్రం ప్రకారం దశలు రెండే: జారుడు, దొర్లుడు. హుక్ అనేది ప్రత్యేకమైన దశ కాదు, జారుడులోనే ఘర్షణ ఎక్కువైన భాగం.

మరి పక్కకు ఎందుకు తిరుగుతుంది?

బంతిని వదిలేటప్పుడు ముందుగా బొటనవేలు బయటికి వస్తుంది, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒక్క క్షణం ఆలస్యంగా వస్తాయి. ఆ క్షణంలో వేళ్లు బంతి పక్కభాగాన్ని పైకి లాగుతాయి. ఫలితంగా బంతి ముందుకు దొర్లే దిశలోనే కాక కొంత పక్కకు కూడా తిరుగుతూ బయలుదేరుతుంది. అప్పుడు దాని అడుగు భాగం నేల మీద ముందుకూ, కొంచెం కుడికీ జారుతుంది. ఘర్షణ ఎప్పుడూ జారుడుకు ఎదురుగానే పనిచేస్తుంది కాబట్టి బంతిని వెనక్కీ, కొంచెం ఎడమకూ నెడుతుంది. హుక్ అంటే ఆ ఎడమ నెట్టుడే.

ఇందులో ఒక అందమైన విషయం ఉంది. లోపలంతా ఒకే సాంద్రత ఉన్న గోళం విషయంలో, అడుగు బిందువు జారే వేగం తగ్గుతూ పోతుంది కానీ జారే దిశ మారదు. దిశ మారకపోతే ఘర్షణ బలం దిశా మారదు. స్థిరమైన బలం కింద కదిలే వస్తువు మార్గం పరావలయం. అంటే జారుతున్నంతసేపు బంతి పరావలయంలోనూ, దొర్లడం మొదలయ్యాక సరళరేఖలోనూ పోతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లో బిలియర్డ్స్ బంతుల గురించి రాసిన గ్రంథంలోనే దీన్ని నిరూపించాడు. భూభ్రమణ ప్రభావం వల్ల అందరికీ తెలిసిన కొరియోలిస్ ఈయనే.

నూనె ఎక్కువైతే బంతి తక్కువ తిరుగుతుందంటారు. నిజమేనా?

ఈ మాట అందరూ అంటారు. సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే ఒకసారి లెక్క వేసి చూడాలి.

జారుడు ముగిసి దొర్లుడు మొదలయ్యేసరికి గోళం వేగం ఎంత ఉంటుందో చెప్పే సూత్రం చాలా చిన్నది. తొలి వేగంలో 5/7వ వంతు, దానికి తోడు అదే దిశలో చేయి ఇచ్చిన భ్రమణపు ఉపరితల వేగంలో 2/7వ వంతు. ముందుకూ పక్కకూ విడివిడిగా ఇదే సూత్రం వర్తిస్తుంది.

మన ఆటగాడు బంతిని 8 మీటర్ల వేగంతో వదిలి, 300 చుట్లు ఇచ్చాడు. ఆ చుట్లకు బంతి ఉపరితల వేగం సెకనుకు 3.4 మీటర్లు. భ్రమణం నేరుగా ముందుకు కాకుండా 45 డిగ్రీలు పక్కకు ఉందనుకుంటే, అందులో ముందుకు 2.4, పక్కకు 2.4 వస్తాయి. ఇప్పుడు ముందు దిశలో చివరి వేగం 5.7, 0.7 కలిపి 6.4. పక్కకు తొలి వేగం సున్నా కాబట్టి చివరికి దాదాపు 0.7 మాత్రమే. ఈ రెంటి నిష్పత్తిని బట్టి బంతి మొదటి దిశ నుంచి 6 డిగ్రీలు తిరుగుతుంది.

ఈ లెక్కలో ఘర్షణ గుణకం ఎక్కడా కనిపించదు. నూనె మీద అది సుమారు 0.04, పొడి నేల మీద సుమారు 0.2 ఉంటుంది, అంటే అయిదు రెట్ల తేడా. అయినా చివరి కోణాన్ని అది మార్చలేదు. బంతి మొత్తం ఎంత తిరగాలన్నది చేయి వదిలిన క్షణానే తేలిపోయింది. నూనె తేల్చేది ఆ మలుపు లేన్ మీద ఎక్కడ పూర్తవుతుందన్నది మాత్రమే. లేన్ మరీ జారుడుగా ఉంటే మలుపు పూర్తయ్యేలోపే పిన్లు వచ్చేస్తాయి. పైన చెప్పిన బంతినే 60 అడుగులూ నూనె ఉన్న లేన్ మీద వేస్తే పిన్లు చేరేసరికి 3 డిగ్రీలే తిరిగి ఉంటుంది, ఇంకా జారుతూనే ఉంటుంది. తక్కువ తిరిగింది అని మనం చెప్పుకునేది దీన్నే.

ఎక్కడ తిరిగితే ఏమైంది? త్వరగా తిరిగితే నష్టమేమిటి?

నష్టం లేన్ వెడల్పు వల్ల. అదే బంతిని అస్సలు నూనె లేని లేన్ మీద వేద్దాం. ఆరున్నర మీటర్లు పోయేలోపే మలుపు పూర్తయి దొర్లడం మొదలవుతుంది. మిగిలిన దాదాపు 12 మీటర్లూ 6 డిగ్రీల వాలులో దొర్లితే అది పక్కకు 1.2 మీటర్లకు పైగా జరుగుతుంది. లేన్ మొత్తం వెడల్పే 1.05 మీటర్లు! బంతి ఎడమ గట్టర్‌లో ఉంటుంది. దాన్ని తప్పించడానికి మొదటే కుడికి వాలుగా వేయాలి. అప్పుడు మలుపులో ఎక్కువ భాగం ఆ వాలును సరిచేయడానికే ఖర్చయిపోతుంది, పిన్ల దగ్గర కోణం మిగలదు.

మొదటి 40 అడుగులు నూనె, చివరి 20 అడుగులు పొడి ఉన్న లేన్ మీద కథ వేరు. నూనెలో బంతి రెండు డిగ్రీలే తిరుగుతుంది. పొడి భాగంలోకి అడుగుపెట్టాక సుమారు 0.6 సెకనులో మిగతా నాలుగు డిగ్రీలూ తిరిగేసి, చివరి రెండు మీటర్లు సాఫీగా దొర్లుతూ పిన్లను చేరుతుంది. టీవీలో విరుచుకుపడినట్టు కనిపించే మలుపు ఇదే. నిజానికి నూనె పూయడం మొదలైంది బంతి తాకిడికి చెక్క లేన్ పాడవకుండా కాపాడటానికి. ఆ కాపలా పూతే తర్వాత ఆటకు ప్రాణమైంది.

త్వరగా తిరిగిన బంతి శక్తి అయిపోయింది అనే మాట కూడా వినిపిస్తుంది. సూత్రాన్ని బట్టి చూస్తే, దొర్లడం మొదలైన బంతి వేగం అది ఎక్కడ మొదలైనా ఒకటే. ఆ బంతికి తక్కువైంది శక్తి కాదు, కోణం.

కోణానికి అంత ప్రాధాన్యం ఎందుకు?

పిన్లను త్రికోణంలో నాలుగు వరుసలుగా నిలబెడతారు, ముందు కొనలో ఉన్నది 1వది, అక్కడి నుంచి వెనక్కి ఒక్కో వరుసలో ఎడమ నుంచి కుడికి 10 వరకు లెక్కపెడతారు. కుడిచేతి ఆటగాడి గురి 1వ, 3వ పిన్ల మధ్య సందు. దాన్ని పాకెట్ అంటారు. సవ్యంగా పడిన స్ట్రైక్‌లో, అంటే మొదటి బంతికే పది పిన్లూ పడిపోయినప్పుడు, బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్లనే: 1, 3, 5, 9. మిగతా ఆరింటినీ పిన్లే పడగొడతాయి. 1వ పిన్ 2ను, 2వది 4ను, 4వది 7ను కొడతాయి. కుడివైపు 3వది 6ను, 6వది 10ని కొడతాయి. 5వది 8ని తీసుకుపోతుంది.

ఈ వరుస జరగాలంటే బంతి మొదటి రెండు పిన్లను తాకి కుడికి తుళ్లిపోకుండా 5వ పిన్ దాకా చేరాలి. లోపలికి వాలుగా వస్తున్న బంతికి ఆ తుళ్లుడును తట్టుకునే వీలుంటుంది. నేరుగా వేసే బంతిని కుడి అంచు నుంచి వాలుగా విసిరినా పాకెట్ దగ్గర కోణం ఒకటిన్నర డిగ్రీకి మించదు, ఎందుకంటే 60 అడుగుల పొడవుకు పక్కకు దొరికే చోటు అడుగున్నరే. అమెరికా బౌలింగ్ నియమాలు చూసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ పరీక్షల్లో 6 డిగ్రీల ప్రవేశ కోణం స్ట్రైక్‌కు అనువైనదిగా తేలింది. ఆ కోణం వచ్చే దారి హుక్ ఒక్కటే.

బరువైన బంతి వేస్తేనే మంచిదా?

మీరు అదుపు చేయగలిగినంత వరకు మంచిదే. కారణం తుళ్లుడు. బరువైన వస్తువు తేలికైన దాన్ని ఢీకొన్నప్పుడు ఎంత గరిష్ఠ కోణంలో పక్కకు మళ్లగలదో ద్రవ్యరాశుల నిష్పత్తి చెబుతుంది. 15 పౌండ్ల బంతి పిన్‌కు నాలుగు రెట్లకు పైగా బరువు, ఒక పిన్నును తాకినప్పుడు అది ఎంత మళ్లినా 14 డిగ్రీల లోపే. పిల్లలు వేసే 6 పౌండ్ల బంతి 35 డిగ్రీల దాకా మళ్లిపోగలదు. తేలిక బంతి సరిగ్గా పాకెట్‌లో పడినా వెనక వరుస పిన్లు నిలబడి ఉండటానికి ఇదే కారణం. అందుకని భుజం లాగేసే బంతిని ఎత్తుకోవడం మాత్రం తెలివైన పని కాదు. వేగం, గురి రెండూ పోయాక బరువు చేసే మేలు ఏమీ ఉండదు.

క్రికెట్ బంతి స్వింగ్ అయినట్టు ఇది కూడా గాలి వల్ల తిరుగుతుందా?

కాదు. 7 కిలోల బంతి మీద ఆ వేగంలో గాలి చూపే నిరోధం దాని బరువులో నూరో వంతు ఉంటుంది. క్రికెట్‌తోనే పోల్చాలంటే పేసర్‌తో కాదు, స్పిన్నర్‌తో పోల్చాలి. అక్కడా బంతిని తిప్పేది పిచ్‌తో రాపిడే. తేడా ఏమిటంటే స్పిన్నర్ బంతికి ఆ అవకాశం క్షణకాలం, ఈ బంతికి లేన్ పొడవునా.

బంతి లోపల ఏముంది?

మాల్‌లో అద్దె బంతుల లోపల చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. పోటీల్లో వాడే బంతుల లోపల మాత్రం కోర్ అనే బరువైన దిమ్మ ఉంటుంది. దాని ఆకారాన్ని బట్టి బంతి ద్రవ్యరాశి కేంద్రానికి దగ్గరగానో, అంచులకు దగ్గరగానో పేరుకుంటుంది. దీన్ని కొలిచేది భ్రమణ వ్యాసార్థం, ఆటగాళ్ల భాషలో ఆర్‌జీ. నియమాల ప్రకారం అది 2.46 నుంచి 2.80 అంగుళాల మధ్య ఉండాలి. ఏ కోరూ లేని ఏకరీతి గోళానికి లెక్క వేస్తే 2.69 వస్తుంది. ఆర్‌జీ తక్కువున్న బంతిని తిప్పడం తేలిక, అది త్వరగా దొర్లుడులోకి వస్తుంది.

ఆర్‌జీ కంటే ఆసక్తికరమైనది మరొకటి ఉంది. కోర్ గుండ్రంగా ఉండదు కాబట్టి వేర్వేరు అక్షాల మీద బంతికి వేర్వేరు ఆర్‌జీలు ఉంటాయి. గరిష్ఠానికీ కనిష్ఠానికీ ఉన్న తేడాను డిఫరెన్షియల్ అంటారు, దానికి పరిమితి 0.060 అంగుళం. చూడటానికి పిసరంత. కానీ ఆ పిసరే బంతి తిరిగే అక్షాన్ని లేన్ మీద పోతూ ఉండగానే మెల్లగా జరుపుతుంది. దీన్ని కళ్లతోనే చూడవచ్చు. అలాంటి బంతి తిరిగి వచ్చాక తుడవకుండా దీపం కిందకు పట్టుకుని చూడండి. నూనె గీతలు ఒకదాని మీద ఒకటి పడకుండా వలయాలుగా పక్కపక్కనే పరుచుకుని ఉంటాయి. రెండు చోట్ల మాత్రం అన్నీ దగ్గరికి చేరి కలుసుకుంటాయి, అక్కడి నుంచి రెండు పక్కలా విసనకర్రలా విచ్చుకుంటాయి. దీని పేరు ట్రాక్ ఫ్లేర్. ఒక్కో వలయం ఒక్కో చుట్టు. అంటే ప్రతి చుట్టులోనూ నూనె అంటని కొత్త పైపొర లేన్‌ను తాకుతోందన్నమాట. అద్దె బంతి మీద అయితే ఒకే ఒక మందపాటి చార కనిపిస్తుంది, తాను పూసుకున్న నూనె మీద తానే జారుతూ పోయిన గుర్తు.

అక్షం ఇలా జరిగే బంతులకు పైన చెప్పిన గోళం లెక్క అచ్చంగా సరిపోదు. దారి ఖచ్చితమైన పరావలయం కాదు, చివరి కోణమూ కొంత మారుతుంది. అయినా స్థూలంగా ఏమి జరుగుతుందో ఆ లెక్కే చెబుతుంది.

పైపొరలో తేడా ఎంత?

చాలా ఉంది. కోర్ గురించి ప్రకటనల్లో ఎంత ఊదరగొట్టినా, నా అభిప్రాయంలో మొదట చూడాల్సింది పైపొరనే. ఒకప్పుడు బంతులను లిగ్నమ్ వైటే అనే గట్టి కలపతో చేసేవారు. 20వ శతాబ్దం మొదట్లో గట్టి రబ్బరు, తర్వాత పాలియెస్టర్ ప్లాస్టిక్, 1980ల మొదట్లో యురెథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చాయి. రియాక్టివ్ పైపొర నిండా కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. అవి నూనెను పీల్చుకుంటాయి, పొడి భాగంలో నేలను గట్టిగా పట్టుకుంటాయి.

ఈ సంగతి రసాయన శాస్త్రం తెలియకుండానే పట్టేసిన ఆటగాళ్లు ఉన్నారు. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ప్రొఫెషనల్ తన ప్లాస్టిక్ బంతిని మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావణిలో నానబెట్టి పైపొరను మెత్తబరిచాడు. మెత్తని పైపొరకు ఘర్షణ ఎక్కువ. ఆ ఏడాది ఆయనే ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ తర్వాత బంతికి కనీస గట్టిదనం ఉండాలని నియమాలు వచ్చాయి. అప్పటికి అది నిబంధనలకు విరుద్ధం కాదు కాబట్టి మోసం అనలేం. ఇంట్లో ప్రయత్నించవద్దు, ఆ ద్రావణి ఆవిరికి ఇట్టే మంట అంటుకుంటుంది.

నున్నటి బంతి ఎక్కువ తిరుగుతుందా, గరుకు బంతా?

గరుకు బంతి ముందుగా తిరుగుతుంది. నున్నటి బంతి నూనెలో ఎక్కువ దూరం జారి, పొడి భాగంలో ఒక్కసారిగా తిరుగుతుంది కాబట్టి చూసేవారికి అదే ఎక్కువ తిరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఆటగాళ్లు లేన్‌ను బట్టి బంతికి గరుకు కాగితం పట్టిస్తారు లేదా మెరుగు పెట్టిస్తారు.

మొదటి గేమ్‌లో బాగా పడిన బంతి మూడో గేమ్‌లో ఎందుకు దారి తప్పుతుంది?

లేన్ మారిపోయింది కాబట్టి. ప్రతి బంతీ తన దారిలోని నూనెను కొంత తుడుచుకుపోతుంది, కొంత ముందుకు మోసుకుపోతుంది. అందరూ ఒకే దారిలో వేస్తే అక్కడ పొడి గాడి ఏర్పడి బంతి ముందుగానే తిరగడం మొదలుపెడుతుంది. నిపుణులు నిలబడే చోటును కొద్దికొద్దిగా ఎడమకు జరుపుకుంటూ పోతారు. ఇక్కడ చేయి సరిచేసుకోవాలని చూసేవారు ఉన్న ఆటను కూడా పాడుచేసుకుంటారు.

రెండు చేతులతో వేసేవారికి లాభమేమిటి?

చుట్లు. ఆస్ట్రేలియాకు చెందిన జేసన్ బెల్మొంటే లాంటి ఆటగాళ్లు బొటనవేలు రంధ్రంలో పెట్టరు, రెండో చేయి బంతిని చివరి దాకా పట్టుకుని ఉంటుంది. అలా వేసేవారు నిమిషానికి 500 చుట్లు ఇచ్చినా ఆశ్చర్యం లేదు. పై సూత్రంలో 300 బదులు 500 వేస్తే మొత్తం మలుపు 6 డిగ్రీల నుంచి తొమ్మిదిన్నరకు చేరుతుంది. కుడి అంచుకు వాలుగా వేసి ఖర్చు పెట్టినా పాకెట్ దగ్గర కావలసినంత కోణం మిగులుతుంది.

మాల్‌లోని అద్దె బంతితో హుక్ వేయలేమా?

వేయవచ్చు, కొద్దిగా. పైపొర పాలియెస్టర్, వేళ్ల రంధ్రాలు మీ చేతికి తవ్వినవి కావు, అక్షం జరగదు. అయినా చేయి ఇచ్చిన చుట్లు ఎక్కడికీ పోవు. వేగం కాస్త తగ్గించి, బొటనవేలు ముందుగా, మిగతా రెండు వేళ్లు తర్వాత బయటికి వచ్చేలా వదలండి. చాలామంది చేసే పొరపాటు మణికట్టును బొంగరం తాడు లాగినట్టు తిప్పడం. అప్పుడు బంతి నిలువు అక్షం మీద తిరుగుతుంది. నిలువు అక్షం మీద తిరిగే బంతి అడుగు బిందువు పక్కకు జారదు, కాబట్టి పక్కకు నెట్టే ఘర్షణా పుట్టదు. మణికట్టు నొప్పి ఒక్కటే మిగులుతుంది. బంతి రంగు చూసి ఎంచుకోవడం కూడా మానండి, చాలా సెంటర్లలో రంగు సూచించేది బరువునే.

బౌలింగ్ బంతి నీళ్లలో తేలుతుందా?

బరువును బట్టి. ఎంత బరువున్నా అన్ని బంతుల పరిమాణమూ దాదాపు ఒకటే, సుమారు 5.3 లీటర్లు. అన్ని నీళ్ల బరువు 11.7 పౌండ్లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. కాబట్టి మంచినీటి తొట్టిలో 11 పౌండ్లు, అంతకు తక్కువ బంతులు తేలుతాయి, 12 నుంచి పైవన్నీ మునుగుతాయి. సముద్రపు నీరు రెండున్నర శాతం సాంద్రంగా ఉంటుంది. కనుక విశాఖ తీరంలో 12 పౌండ్ల బంతి తేలడం, మునగడం ఆ బంతి వ్యాసంలోని వెంట్రుకవాసి తేడా మీద, వేళ్ల రంధ్రాల్లోకి నీరు చేరడం మీద ఆధారపడుతుంది.